మీకు తెలుసా? రసాల సీమకు గుంటూరు కోడలొస్తే...

నూజివీడు సంబంధం చేసుకున్న గుంటూరు లూథరన్ అమ్మాయి మొదటి ఆదివారం అత్తవారి చర్చికి వెళ్తే, బహుశా అది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చే అవుతుంది. దీని వెనక చరిత్ర ఉంది. ఆంగ్లికన్ల సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరి కృష్ణా జిల్లా వైపు పని మొదలుపెట్టారు. మరుసటి ఏడాది జూలై 31న అమెరికా లూథరన్ పాదిరి హేయర్ గుంటూరులో దిగాడు. రమ్మన్నది అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్. లూథరన్లకు రెండో ముఖ్య కేంద్రం రాజమండ్రి. అలా మధ్యలోని నూజివీడు ఆంగ్లికన్ల వంతుకొచ్చింది.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు తదితరులు కలిసి సి.ఎస్.ఐ. అయ్యారు. 1927లోనే ఏర్పడ్డ ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం మాత్రం అందులో చేరలేదు. ప్రభు సంస్కారాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది లూథరన్లకు ఎప్పుడూ చిన్న సంగతి కాదు మరి.

సంస్కారంలో రొట్టె రొట్టెగానే ఉంటుంది, అయినా అందులో క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందన్నది లూథరన్ల మూలపురుషుడు లూథర్ మాట. అది జ్ఞాపకార్థం మాత్రమేనన్నాడు స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ. 1529లో మార్‌బుర్గ్ కోటలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రొట్టెను తన శరీరమని క్రీస్తు చెప్పిన వాక్యాన్ని లూథర్ సుద్దముక్కతో లాటిన్‌లో బల్ల మీద రాసి పైన గుడ్డ కప్పాడు. వాదం ముదిరాక గుడ్డ తీసి చూపించాడు. అంత మొండిఘటం! మిగతా చాలా విషయాల్లో ఒప్పుకున్నారు గానీ, ఇక్కడ మాత్రం పొసగలేదు.

ఇంత పట్టింపున్న లూథరన్ ఆరాధనలో సంస్కారానికి ముందు పాపాల ఒప్పుకోలు ఉంటుంది. పల్లెల్లో ఉపదేశి కీర్తన ఎత్తుకోగలడు, ప్రార్థన చేయగలడు, వాక్యం చెప్పగలడు. రొట్టె, ద్రాక్షారసం ఇవ్వాలంటే మాత్రం అభిషేకం పొందిన పాస్టరుగారు రావాల్సిందే. ఒక పాస్టరుగారి కింద ఎన్నో ఊళ్లుంటాయి కాబట్టి, ఆయన వంతు వచ్చేదాకా ఊరు ఎదురుచూడాలి.

కోతపండుగకు ఇలాంటి పట్టింపులేమీ లేవు. లూథరన్లయినా సి.ఎస్.ఐ. వాళ్లయినా ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి కానుకగా పెట్టడం, ఆరాధన అయ్యాక వేలంపాట వేయడం మామూలే. నూజివీడు వైపు చిన్నరసాల బుట్ట వేలంలోకి రావాలంటే మాత్రం వేసవి దాకా ఆగాలి.