పాత విమానం సిలిండరు: కాగితం ఉంటే సరుకు, లేకుంటే తుక్కు

విమానం ఇంజను సిలిండరు తుక్కు కొట్టులో కనబడితే మోటారు సైకిలు సిలిండరుకు పెద్దన్నలా ఉంటుంది. మన పొలాల్లోని ఆయిలు ఇంజన్లను ఎక్కువగా నీళ్లే చల్లబరుస్తాయి. దీనికి గాలే ఆధారం. అందుకే చుట్టూ పలుచని రేకులు వరుసగా ఉంటాయి. పైన హెడ్డు అల్యూమినియం, కింద బారెలు ఉక్కు. అయస్కాంతం పెడితే కింది భాగానికే అంటుకుంటుంది. ఒక మాగ్నెటో చెడినా రెండోది పనిచేయాలని ప్లగ్గు రంధ్రాలు రెండు పెడతారు. ఈనాటి కొన్ని మోటారు సైకిళ్లకూ రెండు ప్లగ్గులున్నాయి గనుక అదొక్కటే గుర్తుగా తీసుకోరాదు.

జెట్ ఇంజన్లలో ఇవి ఉండవు. మన దేశంలో హెచ్.ఎ.ఎల్. సంస్థ తయారుచేసిన పుష్పక్ శిక్షణ విమానానికి నాలుగు సిలిండర్లు. చేలపై మందు చల్లడానికి రూపొంది, 1972లో తొలిసారి ఎగిరిన బసంత్‌కు ఎనిమిది. పాత డకోటాకు ఒక్కో ఇంజనుకు 14 చొప్పున మొత్తం 28.

కొనేవాడు మొదట అడిగేది పార్టు నెంబరు. అది లేకుంటే ఏ ఇంజనుదో తేలదు. తర్వాత రేకుల అంచున ఉన్న రంగు పట్టీ చూస్తాడు. అమెరికాలోని లైకమింగ్ కంపెనీ సిలిండర్లలో నారింజ రంగు ఉంటే లోపల క్రోము పూత ఉన్నట్లు, నీలమైతే ఉక్కును నైట్రైడింగుతో గట్టిపరచినట్లు. ఆకుపచ్చ ఉంటే బోరు అంగుళంలో వందో వంతు, పసుపు ఉంటే యాభయ్యో వంతు పెంచారని అర్థం. ఇది తెలియకుండా రింగులు ఎక్కించరాదు. క్రోము బోరులో క్రోము రింగులు పనికిరావు. అయితే రంగు డబ్బా ఎవరి చేతిలోనైనా ఉంటుంది. కొలిచి చూడటమే మేలు.

ఎగ్జాస్టు వాల్వుకూ ప్లగ్గు రంధ్రానికీ మధ్య పగుళ్లు రావడం కద్దు. రంగు ద్రావకం పూసి తుడిచి, పైన తెల్లపొడి చల్లితే పగులు గీతలా బయటపడుతుంది. బాగుచేయదగినదైతే ఓవర్‌హాలు షాపులు తీసుకుంటాయి. పాత బ్యాటరీ ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించుకున్నట్లే ఈ బేరం.

అసలు విలువ మాత్రం కాగితంలోనే ఉంది. ఎన్ని గంటలు తిరిగిందో లాగు బుక్కు చెప్పాలి. మరమ్మతు చేసిన సంస్థ ధ్రువపత్రం వెంట ఉండాలి. మన దేశంలో దాన్ని సి.ఎ. ఫారం-1 అంటారు. ఆ పత్రాలు లేని సిలిండరు ఎంత మెరిసినా, తగిన అనుమతి ఉన్న షాపు పరీక్షించి పత్రం ఇచ్చేదాకా విమానానికి ఎక్కించేందుకు వీల్లేదు.

ఇది వట్టి ఆఫీసు తతంగమని కొట్టిపారేసేవారు 1989 సెప్టెంబరు 8 నాటి సంగతి వినాలి. ఆ రోజు ఓస్లో నుంచి హాంబర్గ్ వెళ్తున్న పార్ట్‌నేర్ విమానం డెన్మార్క్ సమీప సముద్రంలో కూలి 55 మందీ మరణించారు. తోక భాగాన్ని పట్టి ఉంచే బోల్టుల్లో నకిలీవి ఉన్నట్లు దర్యాప్తులో తేలింది. బోల్టు ఖరీదెంత, ప్రాణం ఖరీదెంత!

అందుకే పనికిరాని సిలిండరును తూకానికి వేసేముందు రంపంతో కోసి, బారెలు చెడగొట్టి, మళ్లీ ఎవరూ బిగించలేనట్లు చేయాలి. నెంబరు ఒక్కటే గీకేసి అమ్మడం కూడదు, అది మోసగాడికి సాయం చేసినట్లే. అల్యూమినియం, ఉక్కు వేరుచేస్తే తూకంలోనూ లాభమే. కొన్నిచోట్ల కోసిన సిలిండర్లకు బల్బు బిగించి బల్లదీపాలుగా అమ్ముతున్నారు.