పంటి చికిత్సకు ముందు దవడ కీలు పరీక్ష

గ్రామములో దంతవైద్య శిబిరము జరిగినపుడు ప్రజలు పెక్కుమంది వత్తురు. పుచ్చిన పన్ను తీయించుకొనవలెనని కొందరు, కదలుచున్న పన్ను చూపింపవలెనని కొందరు, కట్టుడుపండ్లు పెట్టించుకొనవలెనని వృద్ధులు వరుసలో నిలుతురు. అందరి దృష్టియు పంటిమీదనే యుండును. కాని పన్ను ఒంటరిగా పనిచేయదు. అది దవడలో నాటుకొని యున్నది. ఆ దవడ చెవి ముందున్న కీలుపై, బలమైన కండరముల సహాయముతో కదలుచున్నది. కావున నోటిలో పనిముట్టు పెట్టుటకు ముందు, దవడ ఎంతవరకు తెరచుకొనుచున్నది, ఏ వైపునకు ఒరుగుచున్నది, కదలునపుడు నొప్పి కలదా అని చూచుట దంతవైద్యమునకు మొదటి మెట్టు.

ఈ పరీక్షకు కొద్ది నిమిషముల కాలము, ఒక చిన్న కొలబద్ద చాలును. విడిచిపెట్టినచో కలుగు నష్టము మాత్రము చిన్నది కాదు. దవడ కండరములలో పుట్టిన నొప్పి పెక్కుసార్లు వెనుక పండ్ల నొప్పివలె తోచును. బాధితుడు ఒక పన్నును వ్రేలితో చూపి, దానిని తీసివేయుమని కోరును. పరీక్షింపక తీసివేసినచో మంచి పన్ను పోవును. నొప్పి మాత్రము నిలిచియుండును. తీసిన పన్ను మరల రాదు.

శిబిరములు ఏర్పాటు చేయు పంచాయతీ సభ్యులు వైద్యము నేర్వనక్కరలేదు. కాని మంచి పరీక్ష యెట్లుండునో తెలిసినవారు గ్రామస్థులకు మంచి వైద్యము జరుగునట్లు చూడగలరు.

దవడ కీలు నిర్మాణము

చూపుడు వ్రేళ్ళను రెండు చెవుల ముందు ఆనించి నోరు మెల్లగా తెరచి మూయుడు. వ్రేళ్ళ క్రింద కదలునది దవడ కీలు. శరీరములోని తక్కిన కీళ్ళకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. క్రింది దవడ ఒకే ఎముక. దాని రెండు కొనలయందును రెండు కీళ్ళున్నవి. ఒకటి కదలినపుడు రెండవది కదలక తప్పదు. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటినచో రెండవదాని నడకయు చెడును. ఇదియు అట్టిదే.

నోరు తెరచునపుడు దవడ ఎముక తల మొదట తన గుంటలోనే తిరుగును. పిమ్మట ముందునకు జారును. ఈ రెండు పనులును సాఫీగా జరుగుటకు ఎముకల నడుమ నారతో ఏర్పడిన పలుచని బిళ్ళ యొకటి యున్నది. అది స్థానము తప్పినపుడు కీలు చిటుకుమనును, లేదా మధ్యలో పట్టివేయును. కణతలయందును, చెంపలయందును ఉన్న కండరములు దవడను మూయును. పండ్లు గట్టిగా కరచినపుడు అవి చేతికి బిరుసుగా తగులును.

పరీక్ష జరుగు విధము

మొదట ప్రశ్నలు. స్వీడన్ దేశపు దంతవైద్యశాలలలో మూడు ప్రశ్నలు వాడుకలో నున్నవి. కణతలలో గాని, ముఖమునగాని, దవడలోగాని వారమునకు ఒకసారియైనను నొప్పి వచ్చుచున్నదా? నోరు తెరచునపుడుగాని నములునపుడుగాని వారమునకు ఒకసారియైనను నొప్పి కలుగుచున్నదా? దవడ వారమునకు ఒకసారియైనను పట్టివేయుచున్నదా? వీనిలో ఒక్కదానికైనను అవునని సమాధానము వచ్చినచో, పంటితోపాటు దవడను కూడ శ్రద్ధగా పరీక్షింపవలసి యుండును.

రెండవది కొలత. పై ముందు పండ్ల అంచునుండి క్రింది ముందు పండ్ల అంచువరకు గల దూరమును మిల్లీమీటర్లలో కొలుతురు. పెద్దవారిలో ఇది సాధారణముగా 40 నుండి 55 మిల్లీమీటర్లు. 35 కంటె తగ్గినచో కారణము వెదకవలెను. కొలబద్ద లేనిచోట ఎవరి వ్రేళ్ళతో వారే చూచుకొనవచ్చును. చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్ళను ఒకదానిపై ఒకటిగా నిలిపి ముందు పండ్ల నడుమ ఉంచినచో సులభముగా పట్టవలెను. రెండు వ్రేళ్ళే పట్టినచో వైద్యునికి చెప్పవలసిన సంగతియే. పిల్లలకు వారి వ్రేళ్ళే కొలత.

నొప్పి లేకుండ ఎంత తెరువగలరు, నొప్పి ఓర్చుకొని ఎంత తెరువగలరు, వైద్యుడు మెల్లగా సాయము చేసినచో ఎంత తెరచుకొనును అని మూడు కొలతలు తీయుదురు. సాయముతో మరికొంత తెరచుకొనినచో కండరములు బిగిసినవని ఊహింపవచ్చును. గోడకు తగిలినట్లు గట్టిగా ఆగినచో దోషము కీలులోనో, ఎముకలోనో, చెంపలోపలి పొరలోనో యున్నదని అనుమానింపవలెను. దవడను ప్రక్కలకు జరుపునపుడు ఒక్కొక్క వైపునకు సుమారు 8 నుండి 12 మిల్లీమీటర్లు కదలుట సహజము.

మూడవది, దవడ నడచు దారి. గడ్డము నిట్టనిలువుగా దిగవలెను. మధ్యలో ఒక ప్రక్కకు ఒరిగి మరల సరియైన దారికి వచ్చినచో నారబిళ్ళ తప్పి తిరిగి చేరుచున్నదని తలంపవచ్చును. ఒక ప్రక్కకు ఒరిగి అక్కడనే ఆగినచో, సామాన్యముగా ఆ ప్రక్క కీలే కదలక యున్నదని గ్రహింపవలెను.

నాలుగవది, చేతి పరీక్ష. 2014లో ప్రకటింపబడిన అంతర్జాతీయ ప్రమాణముల ప్రకారము కణత, చెంప కండరములను సుమారు ఒక కిలో బలముతోను, కీలు తలను అర కిలో బలముతోను నొక్కి చూడవలెను. నొక్కినపుడు నొప్పి కలిగెనా అని మాత్రమే అడిగిన చాలదు, "మీరు చెప్పుకొన వచ్చిన నొప్పి ఇదియేనా?" అని అడుగవలెను. అవునన్నచో నొప్పికి మూలము దొరికినట్లే.

కీలు చిటుకుమని చప్పుడు చేయుట పెక్కుమందిలో కనబడును. నొప్పియు, పట్టివేయుటయు లేనిచో దానికి చికిత్స అక్కరలేదు. ఎక్స్‌రే కూడ అందరికిని అవసరము లేదు. ఎక్స్‌రేలో ఎముక కనబడునుగాని నారబిళ్ళ కనబడదు. దానిని చూడవలసిన అరుదైన సందర్భములలో ఎం.ఆర్.ఐ. తీయింతురు.

నోరు తెరచుకొనకుండుటకు కారణములు

నోరు తెరచుకొనని ప్రతివాని వ్యాధియు ఒకటి కాదు. మన గ్రామములలో ముఖ్యముగా నాలుగింటిని గుర్తింపవలెను.

మొదటిది జ్ఞానదంతము చుట్టు చీము పట్టుట. చిగురు వాచి, కండరములు బిగిసి నోరు మూసుకొనిపోవును. వాపు గడ్డము క్రిందికి, మెడకు వ్యాపించి, మ్రింగుటకును, ఊపిరి తీయుటకును కష్టమైనచో అది ప్రాణాపాయము. శిబిరముకొరకు వేచియుండక వెంటనే 108 వాహనములో ఆసుపత్రికి పంపవలెను.

రెండవది వక్క, గుట్కాల వలన కలుగు వ్యాధి. చెంపలోపలి మెత్తని పొర తెల్లబడి, నారకట్టి, క్రమముగా నోరు బిగిసిపోవును. కారము తగిలిన మండును. వైద్యులు దీనిని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అందురు. తూర్పు ఆఫ్రికాలో నివసించు ఐదుగురు భారత స్త్రీలలో 1952లో దీనిని వర్ణించిరి. మరుసటి సంవత్సరమే బొంబాయిలో డాక్టర్ జోషి దీనిని గురించి వ్రాసెను. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ వ్యాధి గల 66 మందిని 17 సంవత్సరములు గమనింపగా, నూటికి 7.6 వంతున నోటి క్యాన్సరు కలిగినదని 1985లో తెలిపిరి. వక్క క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. గుట్కా నములు యువకుని నోటిలో రెండు వ్రేళ్ళే పట్టుట వాని దవడ చేయు హెచ్చరిక. పన్ను తీసి పంపివేసినచో ఆ హెచ్చరిక వ్యర్థమగును.

మూడవది పిల్లలు గడ్డముపై పడుట. చెట్టుమీదనుండియో, మేడమీదనుండియో, సైకిలుమీదనుండియో పడిన పిల్లవానికి గడ్డము క్రింద గాయమగును. దానికి కుట్లు వేసి ఇంటికి పంపుదురు. కాని ఆ దెబ్బ ఎముక వెంట పైకి ప్రాకి చెవి ముందున్న దవడ తలను విరుగగొట్టి యుండవచ్చును. కీలులో రక్తము చేరి, దవడ కదలిక లేక, కొన్ని మాసములకో సంవత్సరములకో ఎముకతో ఎముక అతుకుకొనును. పిల్లవాడు నోరు తెరువలేడు, అన్నము నమలలేడు. ఆ దవడ పెరుగుదల ఆగి ముఖము వంకరయగును. కొందరికి నిద్రలో ఊపిరి కష్టమగును. అప్పుడు పెద్ద శస్త్రచికిత్స తప్పదు. దెబ్బ తగిలిన దినముననే నోరు తెరిపించి చూచి, చెవి ముందు నొప్పిని, పండ్లు సరిగా కలియకుండుటను గుర్తించినచో, వైద్యులు దవడను సకాలమున కదలించు వ్యాయామములు నేర్పి ఈ ఆపదను చాలవరకు తప్పింపగలరు. చెవిలో చీమును నిర్లక్ష్యము చేసినను ఈ ఆపద కలుగవచ్చును.

నాలుగవది ధనుర్వాతము. దవడలు బిగిసికొనుట దాని తొలి చిహ్నములలో ఒకటి. పొలములో గాయమైన వానికి దవడ బిగిసి, మెడ పట్టివేసినచో పంటినొప్పి యని భావించి కాలము గడుపరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

మరియొక మాట. నడచినపుడో పనిచేసినపుడో దవడలో నొప్పి వచ్చి, దానితో ఛాతీ బరువు, చెమట కలిగినచో అది గుండె వ్యాధి కావచ్చును. అట్టివానిని దంతవైద్యుని వరుసలో నిలుపరాదు.

చికిత్సలో దీని ప్రయోజనము

దవడ స్థితి ముందుగా తెలిసినచో చికిత్సయే మారును. కీలు బలహీనమైన వారిని గంటకాలము నోరు తెరచి యుండుమనక, పనిని రెండు మూడు పర్యాయములుగా పంచుకొందురు. నడుమ విశ్రాంతి నిత్తురు. పన్ను తీయునపుడు దవడను చేతితో ఆనించి పట్టుకొందురు. దవడ జారిన అనుభవము కలవారికి ఇది మిక్కిలి అవసరము. ఆవులించినపుడు దవడ జారి నోరు మూతపడనిచో గట్టిగా నొక్కి మూయ యత్నింపరాదు. నేర్పు గల వైద్యుడు బొటనవ్రేళ్ళను వెనుక పండ్లపై ఉంచి దవడను క్రిందికి, వెనుకకు నొక్కి స్థానమున చేర్చును.

కట్టుడుపండ్ల విషయములోను ఇంతియే. పండ్లు లేని వృద్ధుని దవడ ఎంత ఎత్తున నిలువవలెనో కొలిచియే పండ్లు అమర్పవలెను. దవడ విశ్రాంతిగా నున్నపుడు పై పండ్లకు, క్రింది పండ్లకు నడుమ సామాన్యముగా 2 నుండి 4 మిల్లీమీటర్ల సందు ఉండును. ఆ సందు లేకుండ ఎత్తుగా చేసిన పండ్లు మాటలో టకటకలాడును. దవడ కండరములు అలసి నొప్పి పుట్టును. మరీ తగ్గించినచో ముఖము ముడుచుకొని పెదవుల మూలలు పగులును. కొలత తప్పిన కట్టుడుపండ్లు గూటిలో పెట్టుకొనుటకే గాని అన్నము నములుటకు పనికిరావు.

నొప్పి యున్నదని పండ్లను అరుగదీయుట కూడ తగదు. 1934లో అమెరికా వైద్యుడు జేమ్స్ కాస్టన్ చెవి, దవడ బాధలకు పండ్ల కలయికలోని దోషమే మూలమని చెప్పెను. పిమ్మట జరిగిన పరిశోధనలు ఆ వాదమును బలపరుపలేదు. మార్చుటకు వీలుగల చికిత్సనే మొదట వాడవలెనని 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు సలహా యిచ్చినది. మెత్తని ఆహారము, వెచ్చని కాపడము, కొలదిపాటి వ్యాయామము, వైద్యుడు చెప్పిన మందు, పండ్లు కొరుకు అలవాటు మానుట — ఇవి చాలామందికి సరిపోవును.

పంచాయతీల కర్తవ్యము

ఆరోగ్యము రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి. శిబిరమునకు స్థలము, పందిరి, నీరు సమకూర్చుటతో సభ్యుల పని ముగియదు. పేర్లు వ్రాయు బల్లవద్దనే ఆ మూడు ప్రశ్నలను అడిగించి, నోరు తెరచుకొను కొలతను ప్రతివాని చీటీపై వ్రాయింపుడని వైద్య బృందమును కోరవలెను. ఆశా కార్యకర్తలు ఈ పనిలో తోడ్పడగలరు. కొలత తగ్గినవారి జాబితాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి, వారు పెద్ద ఆసుపత్రికి వెళ్ళిరో లేదో విచారింపవలెను. హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో ఇట్టివారికి చికిత్స దొరకును.

గడ్డముపై దెబ్బ తగిలిన పిల్లవానిని ఆ దినముననే వైద్యునికి చూపవలెనని ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు తెలుపవలెను. పాఠశాలలకు వచ్చు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ బృందమునకు నోరు చిన్నగా తెరచు పిల్లలను చూపవలెను. సంతలో కూర్చుండి పన్ను పీకు అర్హత లేని వారి యొద్దకు పోవలదని చెప్పవలెను. పాఠశాల పరిసరములలో గుట్కా అమ్మకమును సాగనీయరాదు.

శిబిరము ముగిసిన పిమ్మట ఎన్ని పండ్లు తీసిరని లెక్కించుట పరిపాటి. ఎందరి దవడను కొలిచిరి, ఎందరిని సకాలమున పై ఆసుపత్రికి పంపిరి అను లెక్కను కూడ గ్రామసభలో చదివించినచో, ఆ శిబిరము వలన గ్రామమునకు కలిగిన మేలు ఎంతయో అందరికిని తెలియును.