తనఖా డిక్రీలో తప్పు దిద్దించినా 12 ఏళ్ల గడువు మళ్లీ మొదలవ్వదు

డిక్రీలో సర్వే నంబరు తప్పు పడింది, కోర్టులో దిద్దించాం, ఇక దిద్దిన రోజు నుంచి 12 ఏళ్లు ఉన్నట్టే కదా అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ లెక్క తప్పు. పొలం తనఖా పెట్టి బోరుకో, వేరుశనగ పంటకో అప్పు తెచ్చే కర్నూలు, కడప ప్రాంతాల్లో అప్పిచ్చినవాళ్లకీ, తీసుకున్నవాళ్లకీ ఇది తెలియాల్సిన సంగతే.

తనఖా దావాలో డిక్రీ రెండు దశల్లో వస్తుంది. ముందు ప్రిలిమినరీ డిక్రీ. బాకీ కట్టడానికి కోర్టు అందులో ఒక గడువు ఇస్తుంది. కట్టకపోతే, ఆ గడువు ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోపు ఫైనల్ డిక్రీకి దరఖాస్తు పెట్టాలి. ఫైనల్ డిక్రీ వచ్చాక భూమిని వేలం వేయించడానికి ఇ.పి. వేయాలి. దానికి 1963 లిమిటేషన్ చట్టం 136వ ఆర్టికల్ ప్రకారం 12 ఏళ్ల గడువు ఉంది.

ఇక తప్పుల విషయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద రాతలో, లెక్కలో పడిన తప్పుల్ని కోర్టు ఎప్పుడైనా దిద్దొచ్చు. తిప్పలన్నీ ఈ ‘ఎప్పుడైనా’ అనే మాటతోనే వస్తున్నాయి. దిద్దడానికి గడువు లేదు గానీ అమలుకు ఉంది. అక్షర దోషం దిద్దితే కొత్త డిక్రీ పుట్టదు, పాతదే సరిగ్గా చదవడానికి వీలవుతుంది.

ఉదాహరణకు ఫైనల్ డిక్రీ 2012 జులై 10న వచ్చిందనుకుందాం. సర్వే నంబరు 214 బదులు 241 అని టైపు అయింది. 2019లో దిద్దించారు. డిక్రీ తేదీ నుంచి 12 ఏళ్లు నిండేది 2024 జులై 10న. 2031 దాకా ఉందిలే అని కూర్చుంటే డిక్రీ చిత్తు కాగితమే. ఇ.పి. ఆలస్యమైతే మాఫీ కూడా దొరకదు, ఎందుకంటే ఆర్డర్ 21 దరఖాస్తులకు లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ వర్తించదు.

పాతకాలం వకీళ్లు వేరే మాట చెప్పేవారంటే దానికీ కారణముంది. 1908 నాటి చట్టంలో 182వ ఆర్టికల్ కింద మూడేళ్ల గడువు ఉండేది, డిక్రీ సవరిస్తే సవరణ తేదీ నుంచి లెక్క. 1964 జనవరి 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. భాగపంపకాల డిక్రీ ఒకదానిలో స్టాంపు కాగితం ఇవ్వడం ఆలస్యమైనా గడువు డిక్రీ తేదీ నుంచే నడుస్తుందని 2005లో సుప్రీంకోర్టు చిరంజీలాల్ కేసులో చెప్పింది.

అయితే పై కోర్టు స్టే ఇస్తే, ఆ స్టే ఉన్న కాలాన్ని 12 ఏళ్ల లెక్కలోంచి తీసేస్తారు. అప్పీలు తేలి డిక్రీ వస్తే ఆ అప్పీలు డిక్రీ తేదీ నుంచి లెక్క. తప్పు వట్టి అక్షర దోషం కాదు, అది దిద్దేదాకా డిక్రీ అమలుకే పనికిరాలేదు అనే వాదన కూడా కొందరు తెస్తారు. దాన్ని నమ్ముకుని ఊరుకోవడం మాత్రం జూదమే.

మరి డిక్రీదారు చేయాల్సిందేంటి? దిద్దుబాటు పెండింగులో ఉన్నా ఇ.పి. ముందు వేసేయాలి. ఆర్డర్ 21 రూల్ 17 కింద ఇ.పి.లో లోపాల్ని తర్వాత సవరించుకోవచ్చు. అలా సవరించినా మొదట దాఖలు చేసిన తేదీకే వేసినట్టు లెక్క. రీసర్వేలో ల్యాండ్ పార్సిల్ నంబర్లు మారిన ఊళ్లలో పాత నంబరు ఏ కొత్త నంబరు అయిందో రెవెన్యూ కాగితం ముందే తెచ్చుకుంటే మంచిది.

బాకీదారు కూడా ముందు ఫైనల్ డిక్రీ తేదీ, ఇ.పి. తేదీ రెండూ చూసుకోవాలి. గడువు దాటి వేసిన ఇ.పి. అయితే ఆ అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పాలి. గడువులోపే వేసినా దారి మూసుకుపోదు. వేలం జరిగిపోయినా, కోర్టు దాన్ని ఖాయం చేసేలోపు బాకీ మొత్తం, దానితోపాటు కొన్నవాడికి వేలం సొమ్ము మీద 5 శాతం కడితే భూమి దక్కుతుంది.