ఫ్యూజు పోయిందా? కాస్త ఆగండి!

మన సంఘ సభ్యుల్లో చాలామంది అపార్ట్‌మెంట్లు వదిలి సొంత ఇళ్ళు కొనుక్కుంటున్నారు. హాస్పిటలుకి దగ్గరగా వుండాలనో, కొత్త ఇంటి ధర అందకనో కొందరం పాత ఇళ్ళు కొంటున్నాం. కొనేముందు పైకప్పు చూస్తాం, ఫర్నేసు చూస్తాం, స్కూళ్ళు విచారిస్తాం, వాకిలి తూర్పుకుందో లేదో కూడా చూస్తాం. బేస్‌మెంటు మూల గోడకున్న చిన్న ఇనపపెట్టె తలుపు తీసి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. నేనూ చూడలేదు. అందువల్ల మా ఇంట్లో జరగబోయి తప్పిన సంగతి రాస్తే ఒకరిద్దరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు. నేను ఇంజనీర్ని కాను, వైద్యుణ్ణి. తెలిసినవాళ్ళు చెప్పింది, అనుభవం నేర్పిందీ రాస్తున్నాను.

మా ఇల్లు క్లీవ్‌లాండ్ పక్కన, 1937లో కట్టింది. కరెంటు పెట్టెలో బ్రేకర్లు లేవు. పైన 'మెయిన్', 'రేంజ్' అని రాసిన రెండు నల్లటి దిమ్మలు, కింద బల్బుల్లాగా మరతిప్పి బిగించే నాలుగు గాజుమూతి ఫ్యూజులు. ఆ మర బల్బు మరే. ఎడిసన్ పేరుతోనే దాన్ని 'ఎడిసన్ బేస్' అంటారు. నాలుగు ఫ్యూజుల మీద ఇల్లంతా నడుస్తోంది. మేడమీద మా అమ్మ పడుకునే గదీ, ఇస్త్రీబల్ల వున్న వరండా గదీ, కింద భోజనాల గదీ అన్నీ ఒకే ఫ్యూజు మీద వున్నాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

కిందటి సంక్రాంతికి పది కుటుంబాలని భోజనానికి పిలిచాం. అమ్మ గుంటూరు నించి వచ్చి అప్పటికి రెండు నెలలు. చలికి తట్టుకోలేక గదిలో హీటరు ఎప్పుడూ వేసే వుంచుకునేది. మా ఆవిడ మేడమీద పట్టుచీర ఇస్త్రీ చేస్తోంది. కింద భోజనాల బల్లమీద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దేశం నించి తెచ్చుకున్న మిక్సీలో గారెల పిండి రుబ్బుతున్నారు. టప్పున సగం ఇల్లు చీకటైంది. ఫ్యూజు మార్చాను, మళ్ళీ పోయింది. ఇంకోటి వేశాను, అదీ పోయింది. ఇక 15 ఆంపియర్లవి లేవు. పెట్టె అడుగున పాత యజమాని వదిలేసిన ఆకుపచ్చ ఫ్యూజు ఒకటి దొరికింది, 30 ఆంపియర్లది. మర సరిగ్గా పట్టింది. వెలుగొచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. గారెలు కూడా బాగా కుదిరాయి.

నాకు తప్పుచేశానని తోచనైనా లేదు. గుంటూరులో చిన్నప్పుడు ఫ్యూజు పోతే ఏం చేసేవాళ్ళం? తెల్లటి పింగాణీ ఫ్యూజు బయటికి లాగి, పాత వైరు ముక్కలోంచి రాగిపోగులు పీకి, మెలేసి బిగించేవాళ్ళం. ఒక పోగు ఆగకపోతే మూడు. ఈ దేశంలో పాతతరం వాళ్ళు చేసిన పని కూడా అలాంటిదే: పోయిన ఫ్యూజు వెనక ఒక పెన్నీ పెట్టి బిగించేవారు. ఏ దేశమైనా మనిషి బుద్ధి ఒక్కటే. ఫ్యూజు పోతే కోపం ఫ్యూజు మీద వస్తుంది.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం అమ్మ అంది: "అబ్బాయ్, గదిలో ఏదో కమురు వాసనొస్తోందిరా." నేను డ్యూటీకి వెళ్ళే తొందరలో వున్నాను. "హీటరు మీద దుమ్ము కాలుతోందమ్మా" అన్నాను. మర్నాడూ చెప్పింది. మర్నాడూ అదే జవాబు. మూడోరోజు తనే మంచం జరిపి, గోడకి అరచెయ్యి ఆనించి నన్ను పిలిచింది. "ఇదిగో, జ్వరమొచ్చిన పిల్లాడి వొళ్ళులా వుంది, చూడు." చూశాను. హీటరు ప్లగ్గు పెట్టిన చోట గోడ వెచ్చగా వుంది. రోగి రెండుసార్లు చెప్పినా వినని డాక్టర్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఆ సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు పలక విప్పాడు. లోపల వైరు మీది రబ్బరూ, గుడ్డా వేయించిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. వెనకనున్న కొయ్య గోధుమరంగుకి తిరిగి వుంది. అతను నన్నేమీ అనలేదు. కిందకెళ్ళి ఆకుపచ్చ ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టాడు. అమ్మ మంచం తలవైపు సరిగ్గా ఆ గోడకే వుండేది.

ఇప్పుడు లెక్క చూడండి. 14 నంబరు రాగివైరు 15 ఆంపియర్లకి, 12 నంబరు 20కి, 10 నంబరు 30కి. మా గోడలో వున్నది 14 నంబరు. 1500 వాట్ల హీటరు దేశంలో 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటే, ఇక్కడ 120 వోల్టుల మీద పన్నెండున్నర తీసుకుంటుంది. మనవాళ్ళం మర్చిపోయేది ఇదే: అదే పనికి ఇక్కడ వైరులో పారే కరెంటు దాదాపు రెట్టింపు. పండగనాడు హీటరు 1500, ఇస్త్రీపెట్టె 1100, మిక్సీ 500, మొత్తం 3100 వాట్లు, అంటే దాదాపు 26 ఆంపియర్లు. 15 ఫ్యూజు పోవడం దాని ధర్మం. 30 ఫ్యూజుకి అది లెక్కలోది కాదు. ఆ తర్వాత కూడా రోజూ ఉదయం హీటరూ, ఇస్త్రీపెట్టే కలిసి దాదాపు 22 ఆంపియర్లు లాగుతూ వచ్చాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనక, వైరు పడవలసినదానికి రెండింతల వేడి పడింది. ఫ్యూజు కాపాడేది మన హీటర్నీ, మిక్సీనీ కాదు, గోడలో కనబడని వైరుని. నొప్పి తెలియకుండా మందిచ్చి పుండుని వదిలేసినట్టు, నేను ఫ్యూజు నోరు మూయించాను.

ఫ్యూజు పోయినప్పుడు చెయ్యవలసినవి ఇవి:

1. ముందు ఆ వైపు నడుస్తున్న సామానంతా ప్లగ్గులు తీసెయ్యండి.

2. బేస్‌మెంటు నేల తడిగా వుంటే పెట్టె ముట్టుకోవద్దు. పొడిగా వుంటే పొడి చెక్క మీద నిలబడి, పొడిచేత్తో 'మెయిన్' దిమ్మ లాగండి. చాలా పెట్టెల్లో అది లాగినా 'రేంజ్' వైపు కరెంటు వుంటుంది. దిమ్మ తీసిన గూట్లోనూ వుంటుంది. అక్కడ వేలు పెట్టవద్దు.

3. టార్చిలైటుతో గాజుమూతి చూడండి. గాజు తేటగా వుండి లోపలి రేకు తెగితే, భారం ఎక్కువైందని అర్థం. గాజు నల్లగా మసిబారితే ఎక్కడో వైర్లు కలిసి షార్టయింది.

4. అదే ఆంపియర్ల ఫ్యూజే వెయ్యండి. సాధారణంగా 15కి నీలం, 20కి ఎరుపు లేదా నారింజ, 30కి ఆకుపచ్చ. అయినా రంగుని నమ్మక అంకె చదవండి.

5. సామాను ఒక్కొక్కటే పెట్టండి. పెట్టగానే పోతే ఆ వస్తువులోనో, దాని తీగలోనో లోపం. ఏమీ పెట్టకుండానే పోతే లోపం గోడలో వుంది, ఎలక్ట్రీషియన్ని పిలవండి.

6. ఫ్రిజ్, ఫర్నేసు మోటార్లు మొదలయ్యేటప్పుడు క్షణంపాటు ఎక్కువ లాగుతాయి. ఆ క్షణానికే పోతుంటే ఆంపియర్లు పెంచవద్దు. అవే ఆంపియర్లలో 'టైమ్ డిలే' ఫ్యూజు దొరుకుతుంది.

ఫ్యూజు పెట్టె వున్నంత మాత్రాన ఇల్లు పనికిరాదని కాదు. సరైన ఫ్యూజు వున్న పాతపెట్టె తన పని తను చేస్తుంది. మా ఎలక్ట్రీషియన్ కాలిన వైరు మార్చి, నాలుగు గూళ్ళలోనూ 'టైప్ ఎస్' ఎడాప్టర్లు బిగించాడు. ఇవి ఒకసారి బిగిస్తే సులువుగా ఊడి రావు. 15 ఎడాప్టరులో 30 ఫ్యూజు పట్టనే పట్టదు. నాబోటి తొందర మనుషుల కోసం కనిపెట్టినవి. అమ్మ గది హీటరుకి వేరే వైరు లాగించాం. బ్రేకర్ల పెట్టె కూడా వేయించాలి, డబ్బు కూడబెడుతున్నాం.

పాత ఇళ్ళ మిత్రులకి ఒక మనవి. ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక్కసారి కిందకెళ్ళి పెట్టె తలుపు తియ్యండి. ఏ ఫ్యూజు ఏ గదిదో కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. మీదో, పాత యజమానిదో ఆకుపచ్చ ఫ్యూజు కనబడితే, ఆ వైరు 30కి తగిందని రుజువయ్యేదాకా అనుమానించండి. వెచ్చటి ప్లగ్గు పలక, మినుకుమినుకుమనే దీపం, కమురు వాసన, ఇవి మూడూ లక్షణాలు. పొగ గాని కనబడితే పెట్టె దగ్గరికి పోకుండా అందర్నీ బయటికి పంపి 911కి ఫోను చెయ్యండి.

ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఏదో వాసనొస్తోందంటే, దయచేసి మొదటిసారే లేచి వెళ్ళి చూడండి.