వెర్షన్ల లెక్క

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారికి పాఠభేదాల బెడద కొత్తది కాదు. ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో ముందు రాసిపెట్టుకోనిదే పరిష్కర్త ముందుకు పోడు. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలోనూ ఇలాంటి చిక్కే ఒకటి ఉంది. ఇంజనీరింగు చదివే మన విద్యార్థులకు ఉద్యోగంలో అది ఎదురుకాక తప్పదు.

జావాలో రాసే పెద్ద ప్రాజెక్టును మాడ్యూళ్ళుగా విభజిస్తారు. ఖాతాలకు ఒకటి, చెల్లింపులకు ఒకటి, నివేదికలకు మరొకటి. ప్రతి మాడ్యూలూ ఇతరులు రాసిన లైబ్రరీలను వాడుకుంటుంది. ప్రతి లైబ్రరీకీ 2.14.1 వంటి వెర్షన్ సంఖ్య ఉంటుంది. మావెన్ అనే సాధనంతో పనిచేసేవారు ఈ సంఖ్యలను మాడ్యూలుకొక పామ్ ఫైలులో రాస్తారు. ఇరవై మాడ్యూళ్ళుంటే అదే సంఖ్య ఇరవై చోట్ల ఉండవచ్చు. పందొమ్మిది చోట్ల మార్చి ఒకచోట మరవడం ఎంతటివారికైనా జరిగేదే.

మనం రాయని సంఖ్యల సంగతి ఇంకా కష్టం. మనం కోరిన లైబ్రరీ మరొకదాన్ని, అది ఇంకొకదాన్ని వెంటబెట్టుకు వస్తాయి. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలో వచ్చిపడితే, మావెన్ ఈ వరుసలో మన మాడ్యూలుకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. దూరం సమానమైతే ముందు పేర్కొన్నది నిలుస్తుంది. అది పాతదైనా సరే! గ్రేడిల్ అనే మరో సాధనం మామూలుగా పెద్ద సంఖ్యనే ఎంచుకుంటుంది.

దీని తీవ్రత 2021 డిసెంబరులో తెలిసివచ్చింది. లాగ్‌ఫర్‌జే లైబ్రరీలో ఒక ఘోరమైన లోపం బయటపడింది. ప్రోగ్రాము చిట్టాలోకి చేరే ఒక వాక్యం ద్వారా బయటివారు ఆ కంప్యూటరులో తమకు కావలసిన పని చేయించగలరు. ఆ నెలలోనే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 వరుసగా వెలువడ్డాయి. కొత్తది తెచ్చుకోవడం సులువే. పాతది ఎక్కడెక్కడ దాగి ఉందో చెప్పలేకపోవడమే చాలామందిని కలవరపెట్టింది.

మావెన్‌లో దీనికి మార్గముంది. అన్ని మాడ్యూళ్ళకూ మాతృకగా ఒక పామ్ పెట్టి, అందులోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ భాగంలో సంఖ్యలు రాయాలి. మాడ్యూళ్ళలో లైబ్రరీ పేరు చాలు, సంఖ్య వద్దు. వెంట వచ్చే లైబ్రరీలకు కూడా ఇక్కడి సంఖ్యే వర్తిస్తుంది. అయితే ఏదైనా మాడ్యూలు తన ఫైలులో సొంతంగా సంఖ్య రాసుకుంటే అదే చెల్లుతుంది. అందువల్ల మాతృకను చూసి ధైర్యపడకూడదు. డిపెండెన్సీ ట్రీ ఆదేశం ఇస్తే ఏది ఎవరి వెంట వచ్చిందో వంశవృక్షంలా కనిపిస్తుంది. ఎన్‌ఫోర్సర్ అనే ప్లగిన్‌లో డిపెండెన్సీ కన్వర్జెన్స్ నియమం పెడితే, వెర్షన్లు పొసగనప్పుడు నిర్మాణం ఆగిపోతుంది. పాత ప్రాజెక్టులో మొదటిసారి పెట్టినప్పుడు విసుగు తప్పదు, ఓర్చుకోవాలి.

కొన్ని లైబ్రరీలు మరొకదాన్ని పేరు చెప్పకుండా తమ జార్ ఫైలులోనే కలిపేసుకుంటాయి. అవి వంశవృక్షానికి అందవు. వాటి కోసం జార్‌ను విప్పి చూడవలసిందే.