బొగ్గు ఎరువును తినేస్తుందా?

తణుకు చుట్టుపక్కల నీళ్లకు ఎరువు వేయడం ఎవరికీ వింత కాదు. చేపల చెరువులో పేడ, సూపర్ ఫాస్ఫేట్ పడితేనే నీళ్లు పచ్చబడతాయి, చేపపిల్లకు మేత పుడుతుంది. అదే రైతు ఇంటి హాల్లో చేపల గాజు తొట్టి పెట్టి, అందులో మొక్కల ఆకులు పసుపుబారుతుంటే మాత్రం ఎరువు వేయడానికి జంకుతాడు. ‘ఫిల్టర్లో కార్బన్ ఉంది కదండీ, వేసిందంతా అదే లాగేసుకుంటుంది’ అంటాడు.

ఆ కార్బన్ మనకు పరాయిది కాదు. ఫిల్టర్లలో వాడే మంచి రకం చాలావరకు కొబ్బరి చిప్పదే. చిప్పల్ని గాలి ఆడకుండా కాల్చి బొగ్గు చేస్తారు. దానికి 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో నీటి ఆవిరి పట్టిస్తారు. దాంతో బొగ్గు నిండా కంటికి కనబడని సందులు పడతాయి. ఒక్క గ్రాము బొగ్గులో ఆ సందుల గోడలన్నీ కలిపితే దాదాపు 1000 చదరపు మీటర్లు. మన లెక్కలో పాతిక సెంట్లు!

అంత జాగా ఉన్నా అన్నీ అక్కడ అంటుకోవు. కొత్త చెక్కదుంగ నుంచి దిగే టీ రంగు, చేపలకు వేసిన మందు, నీటి వాసన లాంటి సేంద్రియ పదార్థాలు అంటుకుంటాయి. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను బొగ్గు విరిచేస్తుంది. మొక్కకు ముఖ్యమైన నైట్రేట్, పొటాషియం మాత్రం నీళ్లలో అయాన్లుగా తిరుగుతుంటాయి. వాటిని నీటి అణువులు చుట్టుముట్టి ఉంటాయి కాబట్టి బొగ్గు గోడ మీద నిలవవు. కొత్త కొబ్బరి బొగ్గయితే తనలోని బూడిద నుంచి కాస్త పొటాషియం ఎదురు ఇస్తుంది కూడా. దొంగ అనుకున్నవాడు దాత అయ్యాడన్నమాట.

ఇనుము సంగతి వేరు. ఒట్టి ఇనుము నీళ్లలో తుప్పయి అడుగుకు చేరిపోతుంది. అందుకని ఈడీటీఏ, డీటీపీఏ అనే సేంద్రియ పదార్థాలతో కట్టి అమ్ముతారు. దీన్ని బొగ్గు కొంత పట్టుకోగలదు, అదీ బొగ్గు కొత్తగా ఉన్నప్పుడే. కొన్ని వారాలు వాడాక సందులు నిండిపోయి దాని పని అయిపోతుంది. ఇనుము వేసిన రోజున కార్బన్ సంచి బయటికి తీసేస్తే సరిపోతుంది.

నిజంగా అనుమానించాల్సింది జియోలైట్‌ని. రొయ్యల చెరువుల్లో అమ్మోనియా తగ్గించడానికి చల్లే ఖనిజం అదే. కొన్ని ఫిల్టర్ సంచుల్లో దాన్ని కార్బన్‌తో కలిపి అమ్ముతారు. అది అమ్మోనియాతో పాటు పొటాషియాన్నీ పట్టేస్తుంది. కొనేముందు సంచి మీద రాసింది చదవండి.

ఇక ఏ ఎరువు? పొలానికి తెచ్చిన యూరియా, డీఏపీ తొట్టిలో వేయొద్దు. అవి అమ్మోనియా పెంచి చేపల్ని చంపుతాయి. ఎరువుల కొట్లో పిచికారీకి అమ్మే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్ మేలు. 100 లీటర్ల నీళ్లకు 1 గ్రాము వేస్తే లీటరుకు 6 మిల్లీగ్రాముల నైట్రేట్, దాదాపు 4 మిల్లీగ్రాముల పొటాషియం చేరతాయి. చేపలు ఎక్కువున్న తొట్టిలో వాటి వ్యర్థాల నుంచే నైట్రేట్ వస్తుంది, అక్కడ ఇంకా తగ్గించాలి.

నా మాటకు వస్తే, మొక్కల తొట్టికి కార్బన్ ఎల్లకాలం అక్కర్లేదు. వైద్యం ముగిశాక మందు తీయడానికో, దుంగ రంగు పోవడానికో పెట్టండి. పని అయ్యాక ఆ చోట స్పాంజి వేయండి. కార్బన్ ఉందని మాత్రం ఎరువు మానకండి.