నీట మునుగు యంత్రము

చెరువు తూము పూడినపుడు ఊపిరి బిగబట్టి మునుగువాని ప్రాణమునకు పూచీ యెవరు? పూడిక యెచ్చట నున్నదో చూచి వచ్చుటకైనను మనిషికి బదులుగా నొక యంత్రమును పంపవచ్చును. మద్దువలస జలాశయము చెంతనున్న రాజాం ప్రాంతమువారికి ఈ ముచ్చట పరాయిది కాదు.

నీరు తగిలిన మోటారు చెడునందురు. బోరుబావి మోటారు ఏండ్ల తరబడి నీటిలోనే తిరుగుచున్నది గదా! మన యంత్రమునకు, పడవ యడుగున చేరిన నీటిని తోడు 12 వోల్టుల చిన్న మోటార్లు మూడు చాలును. లోని పంకా తీసి, ఇరుసునకు మరరెక్కలు బిగింపవలెను. రెండు మోటార్లు ముందుకు నడపును. అందొకటి ఆగినచో యంత్రము ప్రక్కకు తిరుగును. మూడవది పైకి, క్రిందికి.

మోటారునకు పోవు రెండు తీగలను తారుమారు చేసిన నది వెనుకకు తిరుగును. ఆ పని చేయు మీట గట్టుననున్నవాని చేతిలో నుండును. ఇపుడీ మాటను మీ చెవిని వేయుచున్న రేడియో అలలు నీటిలో కొలది దూరముననే కృశించును. కావున తీగయే శరణ్యము. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి రోసబ్ యంత్రము 2010లో 5,289 మీటర్ల లోతునకు దిగినది. అదియు ఓడనుండి తీగతో దిగినదే.

తీగ సన్ననైనచో మోసము. గట్టునుండి యంత్రమునకు 20 మీటర్లన్న, కరెంటు పోను రాను 40 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగలో 4 ఆంపియర్లు పారినచో సుమారు 3 వోల్టులు త్రోవలోనే హరించి, మోటారునకు 9 మాత్రమే చేరును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసిన నష్టము ఒక వోల్టు మాత్రమే. బ్యాటరీ మొదటనే ఫ్యూజు ఉండవలెను.

ఇంటి 230 వోల్టుల కరెంటును ఈ తీగకు ఎన్నడును తగిలింపరాదు, అది ప్రాణాంతకము. బ్యాటరీని ఛార్జి చేయుట, తీగ విప్పిన పిదప, ఇంటివద్దనే.